యా ఊరప్పా మీది?

బస్సులో పక్క సీట్లో ఎవరు కూర్చున్నా సారు అడిగే మొదటి మాట అదే. ఊరి పేరు చెబితే అక్కడితో ఆగేవారు కాదు. ఆ ఊళ్లో ఏ వీధి, ఎవరి ఇంటి పక్కన, ఆ ఇంటి పెద్దాయన ఉన్నాడా పోయాడా, రెండో కొడుకు ఏం చేస్తున్నాడు, ఇలా తవ్వుకుంటూ పోయి తనకు తెలిసిన మనిషి ఒకరు తగిలేదాకా వదిలేవారు కాదు. తగిలాడంటే ఆ ప్రయాణికుడి పంట పండినట్టే. శిరివెళ్లలో బస్సు ఆగినప్పుడు టీ, చేతినిండా శెనక్కాయలు, దిగేటప్పుడు ఇంటికి రమ్మని పిలుపు. తగలకపోతే మాత్రం చంకలోని గొడుగును ఈ పక్క నుంచి ఆ పక్కకు మార్చుకునేవారు. ఇక నంద్యాల వచ్చేదాకా ఆ మనిషితో మాట ఉండేది కాదు.

పోయిన నెల సారు పోయారు. ఎనభై దాటాయి. నొప్పి తెలియకుండా పోయారట. ఆళ్లగడ్డలో ఆయన దగ్గర చదువుకున్నవాళ్లు ఒక సంచిక వేస్తున్నామని, రెండు పేజీలు రాయమని నన్ను అడిగారు. ఆయనకు నా అంత దగ్గరివాడు ఇంకెవరున్నారన్నారు. నిజమే. రాసి పంపాను. పంపే ముందు ఒకసారి చదువుకున్నాను. అందులో అబద్ధం ఒక్కటి కూడా కనిపించలేదు. అక్కడే నాకు అనుమానం వచ్చింది. ఒక మనిషి గురించి రెండు పేజీల నిజాలు రాసి కూడా ఆ మనిషిని దాచిపెట్టవచ్చన్నమాట. ఆ పేజీల్లోకి రానిది ఇక్కడ రాస్తున్నాను.

నాది నంద్యాల. మావాళ్లు బట్టలకు రంగులద్దేవాళ్లు. ముత్తాతల కాలంలో ఎప్పుడో మరాఠా దేశం నుంచి వచ్చారంటారు. ఇంట్లో మాట్లాడుకునేది ఆరె భాష, గడప దాటితే తెలుగు. గడప దగ్గర నాలుక మార్చుకోవాలని నాకు ఎవరూ నేర్పలేదు. వీధిలో మా అమ్మ పిలిస్తే తోటి పిల్లలు ఆమెను అనుకరించి నవ్విన రోజునే నేర్చుకున్నాను. స్కూల్లో చేర్చేటప్పుడు మాతృభాష అన్న చోట నాయన తెలుగు అని రాయించాడు.

సారు అప్పట్లో నంద్యాల హైస్కూల్లో మాకు తెలుగు చెప్పేవారు. పొట్టి మనిషి, తెల్లటి పంచె, ఎప్పుడూ పైకి మడిచిన చొక్కా చేతులు. ఒకరోజు నా నోటుపుస్తకం ఎత్తి క్లాసంతటికీ చూపించి, సీమ బిడ్డ దస్తూరీ అంటే ఇట్లుండాల అన్నారు. ఆ మాటకు నా ఒళ్లు పొంగింది. ఆ వెంటనే ఒక భయం పట్టుకుంది. ఈయనకు మా ఇంట్లో మాట తెలిస్తే?

తర్వాత ఆయన తన సొంత ఊరు ఆళ్లగడ్డలో ఒక కమిటీ నడిపే స్కూలుకు వెళ్లిపోయారు. ఇంటర్ తప్పి రంగుబాన దగ్గర కూర్చున్న నన్ను నాలుగేళ్ల తర్వాత గుర్తుపెట్టుకుని పిలిపించి, ఆ స్కూల్లోనే గుమాస్తాగా పెట్టించారు. ఆళ్లగడ్డలో గది చూసిపెట్టారు. నాకు కామెర్లు వచ్చినప్పుడు ఇరవై రోజులు వాళ్లింటి నుంచే పత్యం వచ్చింది. తెల్లవారుజామున ఆయన ఇంటి అరుగు మీద పదిహేను మందికి తక్కువ కాకుండా పిల్లలు కూర్చుని ఉద్యోగాల పరీక్షలకు చదివేవాళ్లు. ఒక్కరి దగ్గరా పైసా తీసుకోలేదు. బజారులో నడుస్తుంటే అంగళ్ల బోర్డుల మీద తప్పులు ఆయన కంట్లో పడేవి. లోపలికి వెళ్లి సుద్దముక్క అడిగి, స్టూలెక్కి, ఒత్తు సరిచేసి దిగేవారు. అంగడివాళ్లు దణ్ణం పెట్టేవాళ్లు.

రంజాన్‌కు రేకుపని చేసే సాయిబు ఇంట్లో కూర్చుని సేమియా తినేవారు. క్రిస్మస్‌కు మా సైన్సు టీచరమ్మ వాళ్లింటికి నంద్యాల దాకా వెళ్లి వచ్చేవారు. వాళ్లంతా ఏడు తరాల నుంచి ఈ మట్టిలో పుట్టినవాళ్లు, మనవాళ్లు అనేవారు. అందుకే సారుకు తేడాల్లేవని ఊరంతా చెప్పుకునేది. నేనూ చెప్పేవాణ్ణి. గొడుగు మారేది వేరేవాళ్ల విషయంలో. కాలువ కింద పొలాలు కొనుక్కున్న గుంటూరు వైపు రైతులు, అరవ లారీ మెకానిక్కు, ఆస్పత్రిలో మలయాళం నర్సు. ఆ నర్సు చేత సూది వేయించుకోవడం ఇష్టం లేక జ్వరంతో బస్సెక్కి నంద్యాల పోయిన మనిషి ఆయన. ఆమె నలుపునూ, నూనె కారే జడనూ, ఆమె తెలుగునూ వర్ణించి చెప్పేవారు. ఆమె గొంతుతో ఆయన మాట్లాడుతుంటే స్టాఫ్ రూమంతా నవ్వేది. నేను అందరికన్నా ఒక క్షణం ముందే నవ్వేవాణ్ణి. నవ్వనివాడి మీదికి ఆయన చూపు తిరుగుతుందని నాకు తెలుసు.

ఆయన దగ్గర ఒక చిన్న నోటుపుస్తకం ఉండేది. పల్లెల్లో వినబడిన అచ్చ సీమ మాటలు అందులో రాసుకునేవారు. దుడ్లు, బేగా, జల్దీ. దుడ్లు అన్నది కన్నడమని, జల్దీ అన్నది ఉర్దూ అని నాకు తెలుసు. రెండు భాషల మధ్య పెరిగినవాడికి ఏ మాట ఏ ఇంటిదో ఇట్టే తెలుస్తుంది. కానీ ఆ తెలివి ఎక్కడిదని అడుగుతారేమోనని నోరు విప్పలేదు. పైగా ఆ పుస్తకాన్ని అందంగా తిరగరాసి ఇచ్చింది నేనే.

డెబ్బైలు ముగుస్తుండగా మా స్కూలుకు డ్రిల్లు మాస్టరు వచ్చాడు. పేరు అప్పలస్వామి. నంద్యాలలో ఫుట్‌బాల్ పోటీలకు ఏదో జట్టు తరఫున ఆడటానికి వస్తే, అతని కాలి పని చూసి మా కమిటీలో ఒకాయన ముచ్చటపడి తీసుకొచ్చాడు. అతని తండ్రి శ్రీకాకుళం వైపు నుంచి రంగూన్ రేవులో కూలి పనికి పోయినవాడు. తల్లి బర్మా మనిషి. అక్కడి ప్రభుత్వం మనదేశం వాళ్లను వెళ్లగొట్టినప్పుడు కుర్రతనంలో తండ్రితో పాటు ఓడెక్కాడు. తల్లి రాలేదు, అక్కడే ఉండిపోయింది. చామనచాయ, చదునైన ముక్కు, నవ్వితే గీతల్లా మూసుకుపోయే కళ్లు. మొదటి రోజే పిల్లలు చైనా సారు అని పేరు పెట్టేశారు. పిలిస్తే పలికేవాడు.

వెదురు బద్దలతో తానే అల్లిన బంతి ఒకటి అతని దగ్గర ఉండేది. దాన్ని చేత్తో ముట్టకుండా మోకాలి మీద, మడమ మీద, పాదం పక్కన ఆడిస్తూ వంద లెక్కపెట్టేదాకా కింద పడనిచ్చేవాడు కాదు. సాయంత్రం గంట కొట్టినా పిల్లలు ఇళ్లకు పోయేవాళ్లు కాదు. ఆడపిల్లలు కూడా గోడ పక్క నుంచి మైదానంలోకి వచ్చారు. సారు వరండాలో నిలబడి చూసేవారు. అతనితో ఒక్కసారి కూడా కటువుగా మాట్లాడలేదు. నాతో మాత్రం, అతను ఏం తింటాడో కనుక్కోమన్నారు. బర్మావాళ్లు పాములు, కుక్కలు తింటారట, చూసి చెప్పమన్నారు. నేను అతని గదికి వెళ్లి చూసి వచ్చాను. జొన్నరొట్టె, ఎర్రగడ్డ కారం. అదే చెప్పాను. మన ముందర ఎందుకు తింటాడప్పా అన్నారు సారు.

ఆ రోజుల్లోనే ఒక ఆదివారం, నేను నంద్యాలలో ఇంట్లో ఉండగా సారు చెప్పకుండా వచ్చారు. ఊళ్లో ఎవరి పెళ్లికో వచ్చి, దారిలో మా వీధి కనుక్కుని వచ్చారు. తలుపు తీసి ఆయన్ను చూసి నిలబడిపోయాను. లోపలి నుంచి అమ్మ గట్టిగా అడిగింది. "కోన్ ఆలా రే?" ఎవరొచ్చారురా అని. నేను పలకలేదు. పలకకపోయేసరికి మళ్లీ అడిగింది, ఈసారి ఇంకా పొడుగ్గా, పొయ్యి మీద ఏదో ఉంది కాబట్టి తాను లేవలేనని కూడా కలిపి. సారు చెప్పులు విడిచి లోపలికి వచ్చి కూర్చున్నారు. అమ్మ బయటికి వచ్చి తెలుగులోకి మారింది. ఆయన ఆమెకు వినయంగా దణ్ణం పెట్టారు, ఇచ్చిన ఉప్మా తిన్నారు, బాగుందమ్మా అన్నారు.

బస్టాండు దాకా సాగనంపడానికి వెళ్లాను. సగం దూరం నడిచాక సారు ముందుకే చూస్తూ అన్నారు.

"మీ అమ్మ లోపల ఏందో మాట్లాడుతాండె. నాకు సరిగ్గా వినపల్లేదులే."

నేను తల వంచుకుని నడుస్తున్నాను.

"నువ్వు మనోడివేనప్పా. నేను చెప్తాండా కదా."

ఆ మాటకు నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. కృతజ్ఞతే అనుకున్నాను. అంతకు ముందే ఆయనకు తెలుసా, ఆ రోజే తెలిసిందా, చూడటానికే వచ్చారా, ఇవేవీ నాకు ఈనాటికీ తెలియవు. ఒకటి మాత్రం తెలుసు. ఆ రోజు నుంచి నేను మనవాణ్ణి కావడం ఆయన చెప్పినంత కాలమే.

ఎనభైల మొదట్లో ఊరూరా మైకుల్లో తెలుగువాళ్ల ఆత్మగౌరవం గురించిన మాటలే. ఇంకో పక్క సీమ ఉద్యోగాలు సీమవాళ్లకే అన్న మాట. సారు ముఖంలో కొత్త కళ వచ్చింది. సాయంత్రాలు ఆయన అరుగు మీద చదువు తగ్గి, ఎవరు ఎక్కడి నుంచి వచ్చి ఏం పట్టుకుపోతున్నారన్న లెక్కలు పెరిగాయి. సరిగ్గా అప్పుడే మా స్కూలు పిల్లలు నంద్యాలలో ఫుట్‌బాల్ పోటీలు గెలిచారు. మా స్కూలు ఏ ఆటలోనైనా గెలవడం అదే మొదలు. ఫొటో తీయించి హెడ్మాస్టరు గదిలో తగిలించారు. పదకొండు మంది పిల్లలు, నడిమధ్యన కప్పు పట్టుకుని డ్రిల్లు మాస్టరు, కళ్లు మూసుకుపోయేట్టు నవ్వుతూ.

సారు ఆ ఫొటో ముందు చాలాసేపు నిలబడ్డారు. రేపు ఎవరైనా వచ్చి ఈ నడిమి మనిషి యా ఊరని అడిగితే ఏం చెప్పాలన్నారు. నంద్యాలలో అప్పుడే అడిగారట, మీ స్కూలుకు మనుషులే దొరకలేదా అని. హెడ్మాస్టరు మెత్తని మనిషి. పిల్లలు గెలిచారు కదా సార్ అని మాత్రం అన్నాడు. గెలవడం గాదు, మన పిల్లోళ్లు మన మొఖాలు చూసి పెరగాల అన్నారు సారు.

ఆ సాయంత్రమే నన్ను ఇంటికి పిలిచారు. కమిటీకి ఒక అర్జీ పోవాలన్నారు. ఆయన చెబుతూ ఉంటే నేను రాశాను. డ్రిల్లు మాస్టరు సర్టిఫికెట్లు నమ్మదగినవి కావు, అతనికి తెలుగు సరిగా రాదు, స్థానికుడు కాదు, అసలు తెలుగువాడేనా అన్నది విచారించాలి. ఒకచోట నా కలం ఆగింది. ఆయన గమనించారు. ఏమప్పా, సిరా అయిపాయనా అని అడిగారు. లేదు సార్ అని రాసేశాను. రాత ఎప్పటిలాగే ముత్యాల్లా వచ్చింది.

స్టాఫ్ రూములో అందరూ సంతకాలు పెట్టారు, సైన్సు టీచరమ్మ తప్ప. ఆయన వచ్చినాకనే మా ఆడపిల్లోళ్లు మైదానంలో కాలు పెట్టినారు, నేను పెట్టను సార్, అని కాగితం వెనక్కి తోసేసింది. మంచిదమ్మా అన్నారు సారు, అంతే మెల్లగా. తర్వాత వరండాలో ఆమె నన్ను ఆపింది. ఈ రాత నీదే కదా అని అడిగింది. సారు చెప్పారు, రాశాను అన్నాను.

"సారు చెప్పింది రాస్తివి. నీకేమనిపిస్తాందో అది యాడ రాస్తావు?"

నాకు కోపం వచ్చింది. ఈమెకేం, సొంత ఊరు, సొంత భాష, ఎవరికీ భయపడనక్కర్లేదు అనుకున్నాను. ఆ సంవత్సరం క్రిస్మస్‌కు సారు వాళ్లింటికి వెళ్లలేదు. ఆ తర్వాత కూడా వెళ్లలేదు. ఆమె ఏమీ అనలేదు. సంతకం పెట్టకపోతే ఆ వెల కట్టాల్సి వస్తుందని ఆమెకు ముందే తెలుసని నాకు అర్థమవడానికి చాలా ఏళ్లు పట్టింది.

విచారణ ఒక శనివారం మధ్యాహ్నం, పిల్లలు వెళ్లాక, హెడ్మాస్టరు గదిలో జరిగింది. కమిటీవాళ్లు ఇద్దరు, హెడ్మాస్టరు, సారు కుర్చీల్లో. నేను మూల బల్ల దగ్గర, జరిగింది రాసుకోవడానికి. డ్రిల్లు మాస్టరుకు కుర్చీ వేయలేదు. అతను అది గమనించనట్టే చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

సారు గొంతు ఎప్పటిలా ప్రేమగానే ఉంది.

"యా ఊరప్పా మీది?"

"మా అయ్యది సీకాకులం వైపు సారూ. నాను పుట్టింది రంగూన్ల."

తల్లి పేరు అడిగారు. రెండు చిన్న మాటల పేరు చెప్పాడు. నాకు రాయడం రాలేదు. మళ్లీ చెప్పమన్నాను. ఓపికగా మళ్లీ చెప్పాడు. కమిటీ ఆయన ఒకరు ఆ పేరును నోట్లో తిప్పి చూసి నవ్వాడు. ఇంట్లో ఏ భాష మాట్లాడేవాళ్లని సారు అడిగారు. అయ్యతో తెలుగు, అమ్మతో బర్మా మాట అన్నాడతను. ఆ మాట రాస్తూ నేను తల ఎత్తలేదు. సారు నా వైపు చూస్తున్నారని మెడ వెనక తెలుస్తూనే ఉంది. నిజంగా చూశారో లేదో తెలియదు.

ఈ ఊరి పేరొకసారి చెప్పప్పా అన్నారు సారు.

"ఆల్లగడ్డ."

"ఆళ్లగడ్డ."

"ఆల్లగడ్డ సారూ."

మూడోసారి కూడా అంతే వచ్చింది. అతని వైపు చాలామందికి ఆ ళకారం పలకదు. మాట్లాడే తొందరలో మా హెడ్మాస్టరుకూ పలకదు. బస్సు మీదెక్కి కేకలేసే క్లీనరుకూ పలకదు. మా అమ్మకు మాత్రం పలుకుతుంది. ఆరెలో ఆ అక్షరం నిక్షేపంగా ఉంది. ఆ పరీక్ష మా అమ్మకు పెట్టి ఉంటే నూటికి నూరు వచ్చేవి. ఇవన్నీ నేను ఆ మూలన కూర్చుని అనుకున్నాను. అనుకున్నాను, అంతే.

అప్పుడు అతను మొదటిసారిగా అడగని మాట చెప్పాడు.

"రంగూన్ల మమ్మల్ని కలా అనీవోరు సారూ. పైదేశపోడని. మా అయ్య రంగు సూసి ఓడెక్కించి తోలేసినారు. ఇక్కడ మా అమ్మ కల్లు సూసి అడుగుతన్నారు. నాను ఏ ఊరోడినో మీరే సెప్పండి."

ఆ మాటకు ఎవరైనా ఏదైనా అని ఉంటే ఆ మధ్యాహ్నం వేరుగా ముగిసేదని నాకిప్పటికీ అనిపిస్తుంది. కానీ కమిటీ ఆయనకు కళ్లు అన్న మాట కల్లుగా వినిపించింది. కల్లు తాగేదంట వాళ్లమ్మ అని పక్కాయన చెవిలో గొణిగాడు. పక్కాయన ఫక్కున నవ్వాడు. హెడ్మాస్టరు కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు. సారు నవ్వలేదు. వాళ్ల వైపు చిరాగ్గా చూసి, తప్పప్పా అని మందలించారు. ఆ తర్వాత కమిటీ తరఫున డ్రిల్లు మాస్టరుతో, సోమవారం నుంచి రావాల్సిన పనిలేదని చెప్పారు.

ఎండలో పోవద్దని ఆపి, ఎదురుగా ఉన్న తన ఇంటి నుంచి మజ్జిగ తెప్పించారు. అతను తాగాడు. బయట కుళాయి దగ్గర గ్లాసు తానే కడిగి కిటికీలో బోర్లించి వెళ్లిపోయాడు.

వారం తర్వాత ఆదివారం నేను నంద్యాలలో బజారు నుంచి ఇంటికి వచ్చేసరికి అతను మా ఇంట్లో భోంచేస్తున్నాడు. తన ఊరికి రైలెక్కే ముందు అడ్రసు కనుక్కుని వచ్చాడట. అమ్మ ఎదురుగా కూర్చుని వడ్డిస్తోంది. నా కోసం వచ్చాడంటే చాలు ఆమెకు, ఇంకేమీ అడగలేదు. మరిచిపోయి ఆరెలో మాట్లాడుతోంది. అతను ఏం అర్థమయిందో ఏమో, తన తెలుగులో జవాబులు చెబుతున్నాడు. ఇద్దరూ నవ్వుకుంటున్నారు. తినగానే రైలుకు టైమవుతుందని లేవదీసి వీధిలోకి తీసుకొచ్చాను.

దారిలో అతను మామూలుగానే అన్నాడు.

"మీ ఇంట్ల కూడా రెండు బాసలన్నమాట మాస్టారూ."

"లేదు. ఒకటే," అన్నాను.

అతను నా ముఖం చూశాడు. తర్వాత తాను వచ్చిన పని చెప్పాడు. తన ఊరి వైపు స్కూళ్లలో పని అడగాలంటే, ఇక్కడ ఇన్నేళ్లు పనిచేసినట్టు ఒక కాగితం కావాలి. నేను రాసి హెడ్మాస్టరు సంతకం పెట్టించి పోస్టు చేస్తే చాలు. పది నిమిషాల పని. తప్పకుండా పంపుతానన్నాను. రైలు కదిలేటప్పుడు కిటికీలోంచి చెయ్యి చాపాడు. పట్టుకున్నాను.

ఇంటికి నడుస్తూ అతని మాటను తిరగేసి మరగేసి చూశాను. రెండు బాసలన్నమాట. ఎందుకన్నాడు? అర్జీ నా చేతిరాతేనని అతనికి తెలుసు, విచారణలో చూపించారు కూడా. తెలిసి మా ఇంటికే ఎందుకు వచ్చాడు? కాగితం పంపకపోతే నీ సంగతి చెబుతానని హెచ్చరిస్తున్నాడా? అలాంటి మనిషి కాదని ఇన్నేళ్లు చూసిన నాకు తెలుసు. అయినా ఆ అనుమానాన్ని వదలబుద్ధి కాలేదు. అది ఉంటే కాగితం పంపకపోవడానికి ఒక కారణం ఉన్నట్టుంటుంది. అసలు కారణం మరీ చిన్నది. హెడ్మాస్టరు సంతకం అడిగితే సారుకు తెలుస్తుంది. సారుకు తెలిస్తే నా వైపు ఒకసారి చూస్తారు.

విజయనగరం నుంచి నెల తేడాతో రెండు కార్డులు వచ్చాయి. మొదటి దాంట్లో గుర్తు చేశాడు. రెండో దాంట్లో, మీకు తీరిక లేదేమో, తొందరేం లేదని రాశాడు. గుండ్రటి తెలుగు అక్షరాలు, ఒత్తులు అక్కడక్కడా తప్పు. నేను జవాబు ఇవ్వలేదు. మూడోది ఏడాది తర్వాత వచ్చింది. కాగితం ఇక అక్కర్లేదని, గోనె సంచుల మిల్లులో గేటు దగ్గర కాపలా పని దొరికిందని, అమ్మగారిని అడిగానని చెప్పమని. అమ్మకు చెప్పలేదు. ఆమె మాత్రం అప్పుడప్పుడు అడిగేది, ఆ నవ్వు మొహం పిల్లవాడు మళ్లీ రాలేదేమని. అతని గురించి నాకు తెలిసింది అంతే.

సారు నన్ను అంతకు ముందుకన్నా దగ్గరకు తీశారు. నా పెళ్లికి పెద్దగా నిలబడ్డారు. నాకు మొదటి బిడ్డ పుడితే పేరు ఆయనే పెట్టారు. స్కూలు రిజిస్టర్లో నా కొడుకు మాతృభాష తెలుగు అని నేనే నా చేత్తో రాశాను. వాడికి ఆరె రాదు. మేం నేర్పలేదు.

ఎనభై ఏడో ఎనిమిదో, ఎండాకాలంలో అమ్మ పోయింది. డోన్ నుంచి అమ్మ చెల్లెళ్లు ఇద్దరు పొద్దున్నే వచ్చారు. మాలో చావుకు ఏడవడమంటే కన్నీళ్లు కార్చడం ఒక్కటే కాదు. పోయిన మనిషి బతుకంతా పాడినట్టు చెప్పుకుంటూ ఏడుస్తారు. ఏ రంగు ఎట్లా అద్దేది, ఏ పండక్కి ఏం వండేది, ఎవరికి దాచి పెట్టేది. పెద్ద పిన్ని మొదలుపెట్టింది. చెల్లెలు అందుకుంది. ఇల్లంతా ఆరెతో నిండిపోయింది. చిన్నప్పటి నుంచి అంత గట్టిగా, అంత సేపు ఆ భాష మా గడప దాటి వీధిలోకి వెళ్లడం నేను వినలేదు. నాకు తెలియకుండానే నా పెదాలు కూడా కదులుతున్నాయి.

అప్పుడు వీధి మొదట్లో సారు కనిపించారు. ఆ ఎండలో ఆళ్లగడ్డ నుంచి బస్సులో వచ్చారు. వెంట పాత విద్యార్థులు నలుగురు, చేతుల్లో పూలదండలు. గొడుగు వేసుకుని మెల్లగా నడుస్తున్నారు. ఇంకా ఏడెనిమిది ఇళ్ల దూరం ఉంది.

నేను లోపలికి వెళ్లాను. పెద్ద పిన్ని భుజం మీద చెయ్యి వేసి చెవిలో చెప్పాను. మా సారు వస్తున్నారు, తెలుగులో ఏడవండి అని. ఆ మాట చెప్పింది ఆరెలోనే.

ఆమెకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక నా ముఖంలోకి చూసింది. ఆమెకు తెలుగు రాక కాదు, డోన్ సంతలో రోజూ కూరగాయలు బేరమాడుతుంది. కానీ అక్క గురించి చెప్పాల్సిన మాటలు ఆమెకు ఆ భాషలో లేవు. కాసేపు పెదాలు కదిపి చూసింది. ఏమీ రాలేదు. కొంగు నోట్లో కుక్కుకుంది. ఆమెను చూసి చెల్లెలు కూడా ఆపేసింది. అమ్మ సంగతులు ఎక్కడి దాకా వచ్చాయో అక్కడే ఆగిపోయాయి.

సారు గుమ్మంలో చెప్పులు విడిచారు. అమ్మ పాదాల దగ్గర దండ పెట్టి, వంగి దణ్ణం పెట్టారు. తర్వాత వచ్చి నా పక్కన చాప మీద కూర్చుని, నా చేయి తన చేతిలోకి తీసుకున్నారు. ఆ చెయ్యి వెచ్చగా ఉంది. పిన్నుల వైపు చూసి నెమ్మదిగా అన్నారు.

"మీవాళ్లు మర్యాదస్తులప్పా. గొంతు లేపకుండా ఏడుస్తాండారు."

"అవును సార్," అన్నాను.